పెట్రోలు కంటే ముందు గాలి

నేను రిటైరయ్యానని చెబితే ఎవరైనా ముందు నా జుట్టు చూస్తారు. నల్లగానే ఉంది. ముప్పై ఐదు దాటీ దాటగానే రిటైరవడమేమిటని మా మేనమామ ఇప్పటికీ నమ్మడు. ఏదో కేసులో ఇరుక్కున్నానని ఆయన అనుమానం. కేసేమీ లేదు. చర్మవ్యాధుల డాక్టరమ్మ నా రెండు మెకానిక్ చేతులూ తిప్పి చూసి, పెట్రోలైనా మానెయ్యాలి, చర్మమైనా మానెయ్యాలి అంది. చర్మం మానడం ఎలాగో తెలియక పెట్రోలు మానేశాను. వీడ్కోలు సభ జరగలేదు. శాలువా కప్పలేదు. అదీ మంచిదే, సూరత్ ఎండలో శాలువా కప్పితే అదింకో దురద.

ఇప్పుడు మా బావ చీర లేసుల దుకాణంలో కూర్చుంటున్నాను. కూర్చుంటున్నాను అనేది మర్యాద కోసం అన్న మాట. రోడ్డు మీద బండి పోతే నా చెవి దాని వెనకాలే పోతుంది. చెవి పోతే మెడ పోతుంది, మెడ పోతే నేను లేస్తాను. నిన్న ఒకావిడ బంగారు రంగు లేసు చూపించమంటే, "దానికి పెట్రోలు ఎక్కువైంది" అన్నాను. ఆవిడ లేసు కింద పెట్టి వెళ్లిపోయింది. బావ నా కుర్చీని రోడ్డు కనపడకుండా గోడ వైపు తిప్పాడు. గోడ వైపు తిప్పితే చెవులు మూసుకుంటాయా?

మెకానిక్ పనిలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్ల కోసం, కాలు నిలవనప్పుడల్లా నాలుగు ముక్కలు రాస్తున్నాను. కొత్త బళ్లలో కార్బురేటర్ లేదు, కంప్యూటరుంది. కార్బురేటర్ చచ్చిపోయిందని అందరూ చెబుతున్నారు. ఆ కబురు మా నవాగామ్ గల్లీల్లోకి ఇంకా చేరలేదు. అక్కడ బండి కొన్నవాడు దాన్ని కొడుక్కిస్తాడు, కొడుకు బావమరిదికిస్తాడు. కాబట్టి మీకు పని దొరుకుతుంది, భయపడకండి.

ఉస్తాద్ తిట్లు

మా నాన్న మగ్గాల పనికి తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. మునిసిపల్ బడిలో తెలుగు చదివాను, వీధిలో హిందీ, గుజరాతీ నేర్చుకున్నాను. బూతులు మాత్రం పద్ధతిగా ఠాకోర్‌భాయ్ దగ్గర నేర్చుకున్నాను. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఆయనే. అసలు సిసలు సూరతీ. సూరతీలకు బూతు తిట్టు కాదు, విరామ చిహ్నం. ఒక వాక్యం ముగిసిందని మనకు తెలియడానికి ఒక బూతు పెడతారు. ప్రేమ ఎక్కువైతే రెండు పెడతారు.

పనిలో చేరిన కొత్తలో ఒక మనవాడు బండి తెచ్చాడు. నేను తెలుగులో అతనికి వివరిస్తున్నాను: "గాలి తక్కువైందే. జర గాలి ఎక్కువ ఇయ్యాలె. గాలి సరిగ్గ పోతలేదు."

లోపల్నించి ఠాకోర్‌భాయ్ పానా పట్టుకుని బయటికొచ్చాడు. "ఏయ్! గ్రాహక్‌కో గాలీ దేతా హై?"

హిందీలో గాలీ అంటే తిట్టు. నేను కస్టమర్‌ను మూడుసార్లు వరసపెట్టి తిట్టానని ఆయన అనుకున్నాడు. తెలుగులో గాలి అంటే హవా అని చెప్పాను. ఆయన పానా దించి, తన దుకాణంలో తిట్టే హక్కు తనొక్కడిదేనని, ఏ భాషలోనైనా సరేనని తేల్చాడు. ఆ తర్వాత ఆ మాట ఆయనకు నచ్చేసింది. ఏ బండి వచ్చినా, నేను కార్బురేటర్ వైపు చేయి చాపగానే, "పెహ్లే తేరీ వాలీ గాలీ దేఖ్" అనేవాడు. ముందు నీ గాలి సంగతి చూడు అని. ఆ వెంటనే తన రకం గాలీ కూడా ఒకటి వచ్చేది.

ఆయన నేర్పిన చదువంతా ఆ ఒక్క వాక్యమే. మిగిలిందంతా విరామ చిహ్నాలు.

ప్లగ్గు అబద్ధం చెప్పదు, మనుషులు చెబుతారు

కార్బురేటర్ అంటే పెట్రోలునూ గాలినీ కలిపే చిన్న గిన్నె. ఇంజను పీలుస్తుంది, గాలి లోపలికి పరుగెడుతుంది, ఆ గాలి వెంట సన్నటి రంధ్రంలోంచి పెట్రోలు తుంపరగా లేస్తుంది. ఆ రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క పేరే జెట్. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, పొగ నల్లగా వస్తుంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే ప్లగ్గు తెల్లబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది, రేసు ఇస్తే దగ్గుతుంది. బిస్కెట్టు రంగులో ఉందా, బిగించేసి చాయ్ తాగండి.

ప్లగ్గు చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాణ్ణి నేను మెకానిక్ అనను. మన దుకాణాల్లో అన్ని రోగాలకూ ఒకటే పేరుంది: "కచరా ఆయా". చెత్త వచ్చింది. బండి ఆగినా కచరానే, పొగ వచ్చినా కచరానే. కస్టమర్ కూడా సంతోషంగా తలూపుతాడు, ఎందుకంటే కచరా అనేది ఎవరి తప్పూ కాదు. తెలియనప్పుడు తెలియదని చెప్పండి. నోరు అరిగిపోదు.

మగ్గాల షెడ్డు లోపల నిలబెట్టే బండి వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండి. సూరత్‌లో దుమ్ముకు రంగులుంటాయి. ఫిల్టరు తీస్తే ఆ నెల ఏ రంగు చీర నేస్తున్నారో తెలిసిపోతుంది. ఒకసారి నేను ఆ ఫిల్టరు చూడకుండా ఒక బండి కార్బురేటర్‌ను రెండుసార్లు కడిగాను. కార్బురేటర్ మెరిసింది, పొగ తగ్గలేదు. ఠాకోర్‌భాయ్ వచ్చి ఫిల్టరు లాగితే లోపలినుంచి గులాబీ రంగు పరుపొకటి వచ్చింది. ఆయన దాని మీద తల పెట్టి పడుకున్నట్టు నటించాడు. ఆ మధ్యాహ్నమంతా గుర్రు పెడుతూనే ఉన్నాడు.

ఇంకోటి. జెట్ మూసుకుపోతే ఇనుప తీగ పెట్టి పొడవకండి. వరాఛా నుంచి వచ్చే ఒక వజ్రాల పనివాడు తన బండి అంత పెట్రోలు ఎందుకు తాగుతోందో అర్థంకాక, నేను విప్పి పెట్టిన జెట్‌ను జేబులోని భూతద్దం తీసి చూశాడు. "రంధ్రం గుండ్రంగా లేదు భాయ్" అన్నాడు. ఇదివరకు ఎవరో తీగతో పొడిచి పొడిచి రంధ్రాన్ని పెద్దది చేశారు. కొత్త జెట్ వేస్తే సరిపోయింది. పాతదాన్ని అతను తీసుకుపోయాడు. సానబెట్టి అమ్ముతాడేమో, అడగలేదు.

కాలువ వంతెన దాటగానే

ఇక కనకయ్యన్న సంగతి. సొంత దుకాణం పెట్టాక నన్ను నిద్రలో కూడా తిప్పిన కేసు ఇదే.

కనకయ్యన్న నవాగామ్‌లో మా వెనక గల్లీ. కడోదరాలో మగ్గాల మిల్లులో నేత పని. రోజంతా నిలబడి నిలబడి రెండు మోకాళ్లూ చేతులెత్తేశాయి. అంతలో జాబరు పని ఖాళీ అయింది. జాబరు అంటే మగ్గాలు చెడితే సరిచేసేవాడు, షిఫ్టు మారేటప్పుడు ఏ మగ్గం మీద ఎవరో పంచేవాడు. జాబరుకు షెడ్డులో ఒక స్టూలు ఉంటుంది. కనకయ్యన్న ఆశంతా ఆ స్టూలు మీదే. మిల్లు సేఠ్ ఆ పనిలో పెట్టి నెలపాటు చూస్తానన్నాడు. షిఫ్టు మొదలయ్యే ముందే జాబరు గేటు దగ్గర ఉండాలి. ఒక్కటే షరతు.

బండి మాత్రం షరతులు వినలేదు.

"తమ్మీ, రోజూ గదే జాగల ఆగుతుంది. కడోదరా రోడ్డు మీద కాలువ బ్రిడ్జి దాటంగనే."

"జాగ నచ్చినట్టున్నది అన్నా."

"నీ పరాచికాలు జర పక్కకు పెట్టు. తన్నీ తన్నీ కాలు పోతుంది. కొంచెంసేపు ఆగినంక అదే స్టార్టయితది. గప్పటికే లేటయితది. సేఠ్ ఇంకొక్కపారి చూస్తనన్నడు. మళ్ల లేటైతే మగ్గం మీదికే పో అన్నడు."

బండి స్టార్ట్ చేశాను. పాటలా ఉంది. గల్లీలో తిప్పాను, ఇంకా బాగుంది. ప్లగ్గు బిస్కెట్టు రంగు. ఫిల్టరు శుభ్రం. ట్యాంకులో తుప్పు ఉందేమోనని మూత విప్పి టార్చి వేశాను. లేదు. మూత పక్కన పెట్టి, కింద పైపు ఊడదీసి చూశాను. పెట్రోలు ధారగా వచ్చింది. అయినా కార్బురేటర్ కడిగాను, ఏదో ఒకటి చెయ్యకపోతే నాకు కాలు నిలవదు కాబట్టి.

మర్నాడు బండి వంతెన దగ్గర ఆగింది. ఆ రోజు సేఠ్ ఊళ్లో లేడు, అదొక్కటే అదృష్టం.

సాయంత్రం కనకయ్యన్నతో పాటు సుగుణ వదినె కూడా వచ్చింది. వదినెకు రోగం పేరు ముందే తెలుసు.

"గాలి సోకింది శీనూ. గా బ్రిడ్జి కాడ ఎవలో పడి సచ్చిండ్రట. లేకుంటే గదే జాగల ఎందుకాగుతది? సూరత్‌ల ఎంత తిరిగినా ఆగది. ఐతారం నన్ను బజారుకు తోల్కపోతే ఆగది. గా బ్రిడ్జి కాడనే ఆగుతది."

మన తెలుగులో గాలి సోకడమంటే దయ్యం పట్టడం కూడా. ఠాకోర్‌భాయ్‌కి ఈ మూడో అర్థం చెప్పి ఉంటే దుకాణం మూసేసేవాడు.

"మరేం జేసినవ్ వదినె?"

"దసరకు పూజ చేసిన. అయినా గప్పటిసంది ఆగుడు షురువైంది. ఇగ మంగళారం, శుక్రారం కూడ చేస్తున్న. నిమ్మకాయ కట్టిన. బొట్టు పెద్దగ పెట్టిన."

పెట్టింది నిజమే. ట్యాంకు మూత నడుమ, తాళం చుట్టూ, పసుపు మందంగా ఎండి ఉంది. దాని మీద కుంకుమ. పూజ చేసిన చోట చెయ్యి తగలకూడదని నేను మూతను పక్కల నుంచి పట్టుకుని తిప్పాను. అలవాటుగా వేళ్లు కళ్లకు అద్దుకున్నాను. మళ్లీ లోపల టార్చి వేశాను. మళ్లీ పైపు ఊడదీశాను. మళ్లీ ధార. ట్యాంకు కింది కొళాయి, అదే పెట్రోలు కాక్, మార్చాను. కొత్త పైపు వేశాను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కంచం చుట్టూ పెట్రోలు పైపు గీస్తుంటే మా ఆవిడ కంచం తీసేసింది.

తెల్లారి నేనే కనకయ్యన్న ఇంటికి పోయాను. "ఇయ్యాల నేను నడుపుత. నువ్వు ఎనక కూసో."

మూత

రోజూ లాగే ఇంటి దగ్గరి బంకులో ఆగి కొంచెం పెట్రోలు పోయించాం. బయల్దేరాం. ఊరు దాటేదాకా మచ్చలేదు. కనకయ్యన్న నా భుజం మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. వంతెన కనపడగానే ఆ చెయ్యి బిగిసింది. నేను జోకు వేద్దామనుకున్నాను, వంతెన ముందే వేసింది. బండి ఒకసారి దగ్గింది, మిస్సింగ్ కొట్టింది, ఇంకో దగ్గు దగ్గి చచ్చిపోయింది.

"చూసినవా! చూసినవా!" అన్నాడు కనకయ్యన్న. పాపం, ఆ ఒక్క క్షణం ఆయన గొంతులో గెలుపే ఉంది.

దిగి కార్బురేటర్ గిన్నె కింది స్క్రూ విప్పాను. రెండు చుక్కలు రాలి ఆగిపోయింది. గిన్నె ఖాళీ. బండి ఊపితే ట్యాంకులో పెట్రోలు చప్పుడవుతోంది. పైన ఉంది, కిందికి రావడం లేదు. కాక్ కొత్తది, పైపు కొత్తది. ఎంత ఉందో చూద్దామని మూత తిప్పాను.

హుస్సుమంది.

అది లోపలినుంచి వచ్చిన చప్పుడు కాదు, బయటి గాలి లోపలికి దూరిన చప్పుడు. మరుక్షణం కింద విప్పి ఉన్న స్క్రూలోంచి పెట్రోలు నా చెప్పుల మీదికి కారింది.

ప్లాస్టిక్ నీళ్ల సీసాను నోట్లో పెట్టుకుని ఆపకుండా పీల్చండి. సీసా నొక్కుకుపోతుంది, నీళ్లు ఆగిపోతాయి. ట్యాంకూ అంతే. పెట్రోలు కిందికి దిగాలంటే దాని చోట్లోకి పైనుంచి గాలి రావాలి. అందుకే మూతలో తాళం పక్కన కంటికి ఆనని సందు ఉంటుంది. ఆ సందును పసుపు మూసేసింది. బంకులో మూత తీసినప్పుడు ట్యాంకు ఊపిరి పీల్చుకునేది. ఆ ఊపిరితో వంతెన దాకా వచ్చేది. బజారుకు, చుట్టుపక్కలకు ఆ ఊపిరి చాలు. తిరుగు దారిలో కనకయ్యన్న చాయ్‌కి, కూరగాయలకు ఆగేవాడు, ఆ ఆగుళ్లలో గాలి మెల్లగా లోపలికి చేరేది. నేనేమో పరీక్ష చేసే ప్రతిసారీ ముందు మూత తీసి రోగం నయం చేసి, తర్వాత రోగం ఎక్కడుందని వెతికాను.

"ఏమైంది తమ్మీ? ఏంది గా చప్పుడు?"

"గాలి సోకలే అన్నా. గదే రోగం."

"సోకిందంటది మీ వదినె."

"రోగం పేరు కరెక్టే చెప్పింది. గాలి ఉన్నదన్నది. లేదు."

స్క్రూ బిగించి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. ఒక్క తన్నుకు స్టార్టయింది. మోకాలి నొప్పి మరిచిపోయి కనకయ్యన్న ముందు సీటెక్కాడు. నేను వెనక ఎక్కబోయాను.

"దిగు."

"ఏంది?"

"ఇద్దరుంటే మెల్లగ పోతది. టైము లేదు, దిగు తమ్మీ!"

జేబులోని దస్తీ ట్యాంకు నోట్లో కుక్కి వెళ్లిపోయాడు. మూత నా చేతిలోనే ఉందన్న సంగతి ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. తమ్ముళ్లూ, ఈ పని మీరెవరూ చెయ్యకండి. వేడి ఇంజను మీద తెరిచిన ట్యాంకు అంటే ఆత్మహత్యకు దరఖాస్తు. తాళం వెయ్యకుండా మూత వదులుగా పెట్టి పోవచ్చు. ఈ తెలివి నాకు బండి మలుపు తిరిగాక వచ్చింది.

వంతెన గోడ మీద కూర్చున్నాను. లారీలు పోతున్నాయి. వాటి హోరులో ఆయన బండి ఎక్కడైనా ఆగిన చప్పుడు వినపడుతుందేమోనని చెవి పెట్టాను. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. అగ్గిపుల్లతో మూతలోని పసుపు గీకాను. ఎంత గీకినా వస్తూనే ఉంది. వదినె భక్తి పైపైది కాదు. తిరిగొచ్చాక ఆ రోజంతా దుకాణంలో ఒక్క బండిని కూడా సరిగ్గా చూడలేదు.

సాయంత్రం కనకయ్యన్న, వదినె ఇద్దరూ వచ్చారు. ట్యాంకు నోట్లో దస్తీ అలాగే ఉంది.

"టైముకు అందినవా అన్నా?"

"అందిన."

"సేఠ్ ఏమన్నడు?"

"పెట్రోలు వాసనొస్తుందేందని అడిగిండు."

"గంతేనా?"

"గంతే. పోయి స్టూలు మీద కూసున్న."

నా రోజంతటి కంగారుకు అంతకన్న పెద్ద ముగింపు ఉండాలనిపించింది. కానీ ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. రెండు మోకాళ్లకు దానికి మించిన కథ అక్కర్లేదు.

సుగుణ వదినె నా చేతిలోని మూత చూస్తోంది. పసుపు ఎక్కడా లేదు. "ఏమైందట బండికి?"

కచరా వచ్చింది అని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా చెబితే శుక్రవారం మళ్లీ పూజ అవుతుంది, శనివారం మళ్లీ వంతెన, సేఠ్ దగ్గర ఇంకో అవకాశం లేదు. చెప్పేశాను. మూతలో సందు ఎక్కడుందో చూపించాను. పసుపు ఎలా మూసిందో చెప్పాను. కనకయ్యన్న గోడ మీది టైరు క్యాలెండరు వైపు తిరిగి, అందులో నెలలు మొదటిసారి చూస్తున్నట్టు చదవసాగాడు.

"మొదటి దినమే మూత తీసి చూసినవ్ గదా," అంది వదినె. "పసుపు కనవడలే?"

"కనవడ్డది వదినె. నీ పూజ గదా అని తుడవలే."

"మొక్కినవా?"

"మొక్కిన."

"మంచిగున్నది. నేను పెట్టుడు, నువ్వు మొక్కుడు, గీయన పోయి బ్రిడ్జి మీద తన్నుడు."

మూత నా చేతిలోంచి లాక్కుని కొంగుతో తుడిచింది. ఆ సందును వెలుతురుకు పట్టి చూసింది.

"బండికి ముక్కు ఏడున్నదో మొదలే చెప్పాలె గదరా. ముక్కు మీద బొట్టు ఎవలన్న పెడ్తరా?"

మూత బిగించి, చీర కుచ్చెళ్లు సర్దుకుని బండి పక్కన కింద కూర్చుంది. "ఇంకెన్ని ముక్కులున్నయో అన్నీ చూపియ్యి" అంది.